ఉద్దానానికి హిరమండలం నీళ్లే ఎందుకు?

ఉద్దానం పక్కనే బాహుదా, మహేంద్రతనయ నదులున్నాయి కదా, మరి తాగునీళ్లు అంత దూరం హిరమండలం నుంచి తేవడం ఎందుకు? నాకూ ఇదే డౌట్ వచ్చింది.

విషయం ఏంటంటే, ఈ రెండు నదులూ ఎండాకాలంలో ఎండిపోతాయి. హిరమండలం రిజర్వాయర్ మాత్రం వంశధార వరదనీటిని దాచుకుంటుంది. దాని కెపాసిటీ సుమారు 19 టీఎంసీలు. ఉద్దానం తాగడానికి ఏడాదికి కావలసింది 1.12 టీఎంసీలే. 2023 డిసెంబరులో ప్రారంభించిన రూ.700 కోట్ల పథకం ఆ నీటిని మెళియాపుట్టి దగ్గర శుద్ధి చేసి, 807 ఊళ్లకు పైపుల్లో పంపేందుకు కట్టింది.

ఇక్కడి కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇంకా తేలలేదు. అది తేలేదాకా జనం బోరునీళ్ల మీదే ఆధారపడకుండా ఉండాలంటే ఈ పైపు ఆగకూడదు. అదే రిజర్వాయర్ పొలాలకూ నీళ్లివ్వాలి. అందుకే కుళాయి కట్టేయడం, లీకు కనిపిస్తే చెప్పడం కూడా ఈ పథకంలో భాగమే.