శంషాబాద్ హ్యాంగర్‌కు అమెరికా అనుమతి ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి శంషాబాద్‌లో విమానాల మరమ్మతు సంస్థలో చేరాడు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి ఉన్నా, అమెరికా, యూరప్ అనుమతులు మళ్లీ కావాలంటున్నాడు. ఎందుకండీ?
– ఒక తండ్రి, చౌడేపల్లె

జవాబు: విమానం ఏ దేశంలో నమోదైందో ఆ దేశపు నిబంధనలే దానికి వర్తిస్తాయి, హ్యాంగర్ ఎక్కడున్నా సరే. మన విమానాలకు డీజీసీఏ వారి సీఏఆర్-145 అనుమతి చాలు. అమెరికాలో నమోదైన విమానమైతే అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చే పార్ట్ 145, యూరప్‌దైతే అక్కడి నియంత్రణ సంస్థ ఈఏఎస్ఏ ఇచ్చే పార్ట్-145 అనుమతి కావాలి. శంషాబాద్‌లోని మరమ్మతు సంస్థ జీఎంఆర్ ఏరో టెక్నిక్ ఈ మూడూ సంపాదించింది.

ఎఫ్ఏఏ తీరు కాస్త కఠినం. అమెరికా విమానాలకో, వాటి విడిభాగాలకో తమ సేవ అవసరమని మరమ్మతు సంస్థ ముందు చూపాలి, రుసుము కట్టాలి. సొంత దేశంలోని సంస్థలకిచ్చే సర్టిఫికెట్‌కు వాళ్లు గడువు పెట్టరు. బయటి సంస్థలకు మాత్రం మొదట 12 నెలలే. తర్వాత 24 నెలల వరకు పొడిగిస్తారు. గడువుకు కనీసం 30 రోజుల ముందే దరఖాస్తు చేసుకోవాలి.

ఇంకో ముఖ్య విషయం. అనుమతి ఉందని ఏ పనైనా చేయకూడదు. చక్రాలు, బ్రేకులకు అనుమతి పొందినవారు ఇంజిన్ విప్పితే నిబంధన మీరినట్టే. పని పూర్తయ్యాక, అది సరిగా జరిగిందని అధికారం ఉన్న ఉద్యోగి సంతకం చేయాలి. ఆ సంతకం మీదే ప్రయాణికుల ప్రాణాలు ఆధారపడతాయి. మీ అబ్బాయిని విమాన నిర్వహణ ఇంజినీర్లకు డీజీసీఏ ఇచ్చే సీఏఆర్-66 లైసెన్సు పరీక్షలు ఇప్పుడే రాయడం మొదలుపెట్టమనండి. మాన్యువళ్లన్నీ ఇంగ్లిషులోనే కాబట్టి వాటిని రోజూ చదవమనండి.