బరువు ఒకటే, ఒత్తిడి వేరు

నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకునే ముందు మనం ఏం చేస్తాం? పాత గుడ్డతో చుట్టకుదురు చేసి పెట్టుకుంటాం. అది లేకపోతే నడినెత్తి మండిపోతుంది. కుదురు ఉంటే అంత నొప్పి ఉండదు.

కుదురు పెట్టగానే బిందెలో నీళ్ళు తగ్గాయా? లేదు. బిందె బరువు తగ్గిందా? అదీ లేదు. మరి నొప్పి ఎట్లా తగ్గింది?

ఇది తెలుసుకోవడానికి పెద్ద సామాన్లేమీ అక్కర్లేదు. ఒక ఇటుక, కాస్త బూడిద, ఒక పెన్సిలు చాలు.

చేసి చూద్దాం – 1

ఒక తట్టలో జల్లించిన బూడిద మందంగా పోయండి. పైన చదును చేయండి. ఇటుకను దాని మీద మెల్లగా పడుకోబెట్టండి. తీసి చూడండి. గుర్తు ఎంత లోతుగా పడింది?

బూడిదను మళ్ళీ చదును చేయండి. అదే ఇటుకను ఈసారి నిలబెట్టండి. తీసి చూడండి. ఈసారి గుర్తు ఎక్కువ లోతుగా పడింది కదా!

ఇటుక అదే. బరువు అదే. ఆనిన చోటు మాత్రం మారింది.

లెక్క వేద్దాం

ఇటుక పొడవు 9 అంగుళాలు, వెడల్పు 4 అంగుళాలు, మందం 3 అంగుళాలు అనుకుందాం. బరువు 3 కిలోలు అనుకుందాం. 3 కిలోలంటే 3000 గ్రాములు.

పడుకోబెట్టినప్పుడు ఆనిన చోటు: 9 × 4 = 36 చదరపు అంగుళాలు.
ఒక్కో చదరపు అంగుళం మీద పడే బరువు: 3000 ÷ 36 = సుమారు 83 గ్రాములు.

నిలబెట్టినప్పుడు ఆనిన చోటు: 4 × 3 = 12 చదరపు అంగుళాలు.
ఒక్కో చదరపు అంగుళం మీద పడే బరువు: 3000 ÷ 12 = 250 గ్రాములు.

83 ఎక్కడ, 250 ఎక్కడ! మూడింతలు పెరిగింది. ఇట్లా ఒక్కో చదరపు అంగుళం మీద ఎంత బరువు పడుతుందో దాన్నే ఒత్తిడి అంటాం. మీ పిల్లల బడి పుస్తకంలో దీన్నే పీడనం అని రాస్తారు.

చేసి చూద్దాం – 2

ఒక పక్క మాత్రమే చెక్కిన పెన్సిలు తీసుకోండి. చెక్కిన మొన బొటనవేలికి, మొద్దు కొస చూపుడువేలికి ఆనేట్టు పట్టుకోండి. మెల్లగా నొక్కండి. గుచ్చుకునేదాకా నొక్కవద్దు.

రెండు వేళ్ళ మీదా పడే బలం ఒకటే. అయినా మొన ఆనిన వేలే ముందు నొప్పి పుడుతుంది. ఎందుకంటే అక్కడ బలమంతా చుక్కంత చోట పడుతుంది.

మన ఇంట్లో, మన ఊళ్ళో

కత్తిపీటకు, కొడవలికి పదును పెట్టడమంటే అంచును సన్నం చేయడమే. అంచు సన్నమైతే ఒత్తిడి పెరుగుతుంది. తక్కువ బలంతో తెగుతుంది. సూది మొన కూడా అంతే.

కొన్ని చోట్ల ఒత్తిడి తగ్గాలి. బరువైన సంచికి సన్నతాడు కడితే అరచెయ్యి కోసుకుపోతుంది. తాడుకు గుడ్డ మడిచి చుడితే హాయిగా ఉంటుంది. రైలు పట్టాల కింద అడ్డంగా దిమ్మెలు వేసేది, ట్రాక్టరుకు వెడల్పాటి చక్రాలు పెట్టేది ఇందుకే. ఎడారి ఇసుకలో నడిచే ఒంటెకు వెడల్పాటి పాదాలు ఉండేదీ ఇందుకే.

ఇప్పుడు చుట్టకుదురు గుట్టు తెలిసింది కదా! బిందె అడుగు గట్టిది. మన తల గుండ్రంగా ఉంటుంది. రెండూ కొంచెం చోటే ఆనతాయి. కుదురు ఆ బరువును ఎక్కువ చోటుకు పరుస్తుంది. కానీ ఒక మాట. కుదురు నెత్తి మీద ఒత్తిడినే తగ్గిస్తుంది. మెడ మోసే బరువును తగ్గించదు. 12 లీటర్ల నీళ్ళంటే 12 కిలోలు. మెడనొప్పి ఉన్నవాళ్ళు, గర్భిణీలు అంత బరువు ఎత్తకూడదు. ఇంట్లో మగవాళ్ళు కూడా నీళ్ళు మోయాలి.

మంచాన పడ్డవాళ్ళకు పుళ్ళు ఎందుకు పడతాయి?

పక్షవాతం వచ్చిన అత్తమ్మకో, కాలు విరిగిన నాన్నకో సేవ చేసేది చాలా ఇళ్ళలో మనమే. కదలలేక పడుకున్నవాళ్ళకు నడుము కింద, తుంటి మీద, మడమల మీద పుళ్ళు పడతాయి. "అంతా కర్మ" అంటారు కొందరు. కర్మ కాదు, ఒత్తిడి.

ఆ చోట్ల ఎముక మీద కండ తక్కువ. ఒంటి బరువు ఆ కొంచెం చోటే పడుతుంది. చర్మంలోని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. రక్తం అందక చర్మం చచ్చిపోయి పుండు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళం నిద్రలో కూడా అటూ ఇటూ తిరుగుతాం. వాళ్ళు తిరగలేరు. అందుకని మనం ఇవి చేయాలి:

1. సుమారు 2 గంటలకొకసారి పక్కకు తిప్పాలి. ఈడ్చకూడదు. ఇద్దరు కలిసి ఎత్తి జరపాలి.
2. నులక మంచమైతే మందమైన బొంత పరవాలి. లేకపోతే తాళ్ళు ఒత్తుతాయి.
3. పిక్కల కింద దిండు పెట్టాలి. మడమలు పరుపుకు ఆనకూడదు.
4. పిరుదుల కింద చుట్టకుదురు లాంటిది పెట్టవద్దు. దాని అంచు చుట్టూ నొక్కి, రక్తం రానీయదు.
5. తడిసిన గుడ్డ వెంటనే మార్చాలి. దుప్పటి ముడతలు లేకుండా పరవాలి.
6. పప్పు, గుడ్డు, పాలు పెట్టాలి.
7. రోజూ ఒళ్ళంతా చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి తీయండి. ఎరుపు పోకపోతే పుండు మొదలవుతున్నట్టే. నల్లని ఒంటి మీద ఎరుపు కనపడకపోవచ్చు. తాకితే వేడిగా, గట్టిగా ఉంటుంది. అక్కడ రుద్దవద్దు. ఏ.ఎన్.ఎం.కు గానీ డాక్టరుకు గానీ చూపించాలి.

గుర్తుంచుకుందాం

ఆనే చోటు పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది. ఆనే చోటు తగ్గితే ఒత్తిడి పెరుగుతుంది. బరువు మాత్రం మారదు.

జవాబులు రాయండి

1. కత్తిపీట మొద్దుబారితే కూరలు ఎందుకు తెగవు?
2. మంచాన పడ్డవాళ్ళను ఎన్ని గంటలకొకసారి తిప్పాలి? ఎందుకు?
3. 20 కిలోల మూటను చెక్క మీద పెట్టాం. అది 200 చదరపు అంగుళాల చోట ఆనింది. ఒక్కో చదరపు అంగుళం మీద ఎన్ని గ్రాములు పడతాయి?

(3వ ప్రశ్నకు జవాబు: 20,000 ÷ 200 = 100 గ్రాములు)