గని తలుపు దగ్గర నుండి పార్లమెంటుకు

బ్రిటన్ పార్లమెంటులో లేబర్ పార్టీ మొదటి నాయకుడు కీర్ హార్డీ. ఈయన 1856లో స్కాట్లండులో పుట్టాడు. చాలా పేదవాళ్లు. పదేళ్లకే బొగ్గుగనిలో పనికి చేరాడు. లోపల గాలి ఆడడానికి ఒక తలుపు ఉంటుంది. బండి వచ్చినప్పుడు తెరవాలి, పోయాక మూయాలి. పొద్దంతా చీకట్లో అదే పని. మన హాస్టల్లో అయిదో తరగతి పిల్లల వయసు!

చదవడం అమ్మ నేర్పింది. రాయడం రాత్రి బడిలో నేర్చుకున్నాడు. షార్టుహ్యాండు మాత్రం గనిలోనే. దీపం పొగ పట్టిన రాయి మీద గుండుసూదితో గీసేవాడట. మా ఇంట్లో సంతకం పెట్టేది నేనొక్కదాన్నే, అందుకే ఈ సంగతి రెండుసార్లు చదివాను.

కార్మికుల తరఫున మాట్లాడాడని గని యజమానులు పనిలోంచి తీసేశారు. అప్పుడు సంఘం పని, పత్రికలకు రాయడం మొదలుపెట్టాడు. 1888లో పోటీ చేస్తే 617 ఓట్లే వచ్చాయి. 1892లో వెస్ట్ హామ్ సౌత్ నుండి గెలిచాడు. మిగతా సభ్యులు పొడుగు టోపీలు, నల్ల కోట్లతో వస్తుంటే ఈయన వాళ్ల మాదిరి కాకుండా మామూలు బట్ట టోపీతో పోయాడు. 1895లో ఓడాడు. 1900లో వేల్స్‌లోని మెర్థిర్ టిడ్‌ఫిల్‌లో గెలిచి, 1915లో చనిపోయేదాకా అక్కడి సభ్యుడిగానే ఉన్నాడు.

ఇంకో సంగతి. 1911 దాకా అక్కడ ఎంపీలకు జీతమే లేదు! డబ్బున్నవాళ్లకే ఆ పదవి కుదిరేది. హార్డీ పత్రికల రాతలతో, తోటివాళ్ల సాయంతో నెట్టుకొచ్చాడు. 1911లో ఏడాదికి 400 పౌండ్లు జీతం పెట్టారు. అప్పటికి ఆయన వయసు 55.