గ్లాసుల మీద తెల్లపొర



డిష్‌వాషర్‌లో గాజు గ్లాసులు మసకబారుతున్నాయని ఎవరన్నా పిలిస్తే, పోయిందే తడవుగా స్క్రూడ్రైవర్ తీయబాకు. ఆ గ్లాసొకటి అడిగి తీసుకో. తాగే క్యాన్ నీళ్లతో రుద్దితే పొర పోయిందా, అది ఉప్పు. పోకపోతే వెనిగర్‌లో కాసేపు నానబెట్టు. అప్పుడు పోతే సున్నం. దానికీ లొంగలేదంటే మీద పొరేమీ లేదు, గాజే అరిగిపోయింది. నీళ్లు మరీ మెత్తనై, వేడీ పొడీ ఎక్కువైన చోట అట్లా అవుతుంది. ఇక దానికి మందు లేదు. ఇంటావిడకు ఆ మాట నిదానంగా చెప్పు.

సముద్రం ఒడ్డున ముత్తుకూరు పక్క బోరు నీళ్లతో నడిపే ఇళ్లలో ముందు అనుమానించాల్సింది మొదటి రెండింటినే, బోర్లలోకి సముద్రపు నీళ్లు ఊరతాయి గనక. సముద్రపు నీటి కాఠిన్యం లీటరుకు 6,600 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఇరవై బిందెల బోరు నీళ్లలో ఒక్క బిందె సముద్రం కలిసినా 300 పైన పెరుగుతుంది. తాగునీటికి మన దేశపు ప్రమాణం 200, వేరే దిక్కు లేకపోతే 600. పైగా సముద్రం తెచ్చేదాంట్లో ఎక్కువ భాగం మెగ్నీషియం. కాచితే అడుగున దిగే రకం కాదది.

ఆ కాఠిన్యాన్ని తీయాల్సింది మిషన్ అడుగున ఉండే రెజిన్ పూసలు. అవి కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టుకుని సోడియాన్ని వదుల్తాయి. నిండిపోయాక ఉప్పునీళ్లతో కడిగితే మళ్లీ పనికొస్తాయి. ఎంత తరచుగా కడగాలో మిషన్‌కు మనమే చెప్పాలి. బిగించేటప్పుడు నీళ్ల సంగతి అడక్కుండా పోయేవాళ్లే ఎక్కువ, నాకు కోపం తెప్పించేది అదే.

కాఠిన్యం ఎంతో తెలియాలంటే సీసాడు నీళ్లు రొయ్యల ల్యాబుకు పట్టుకుపో. గుల్ల విడిచిన వనామీ రొయ్యకు కొత్త గుల్ల గట్టిపడాలంటే ఇవే ఖనిజాలు కావాలి, అందుకే అక్కడ కొలుస్తారు. రైతు డబ్బు పోసి కొని చెరువులో చల్లేదాన్ని మనం గ్లాసుల మీంచి తుడుస్తున్నాం! ల్యాబు వాళ్లిచ్చే అంకె పీపీఎంలో ఉంటుంది. మిషన్ పుస్తకంలో జర్మన్ డిగ్రీలుంటే 17.8తో భాగించు. 600 అంటే దాదాపు 34. సెట్టింగు అక్కడ పెట్టు. పుస్తకంలో ఉన్న ఆఖరి అంకెను దాటిపోతే ఈ బోరుతో కుదరదని మొహమాటం లేకుండా చెప్పెయ్యి. ఉప్పు పొరకూ అంతే. రెజిన్ నీళ్లలో ఉప్పు తగ్గించదు, నీళ్లే మార్చుకోవాలి.

రెజిన్ కడగడానికి మిషన్‌లో ఉండే ఉప్పు అరలో ఇంట్లో కూరల్లో వేసే మెత్తుప్పు పొయ్యనీయబాకు, గడ్డకట్టకుండా అందులో కలిపే మందు రెజిన్‌కు పడదు. ఇసకపల్లి కళ్లుప్పు చవకే గాని, వదిలించుకోవాలనుకునే మెగ్నీషియం అందులోనూ ఉంటుంది. మిషన్ ఉప్పే కొనమను. గ్లాసులు తుడిచినట్టు ఆరాలంటే రిన్స్ ఎయిడ్ కూడా నింపమను.

ఉప్పు పోసింతర్వాత మూత గట్టిగా తిప్పు. అది వదులైనా లోపలి ఉప్పునీళ్లు గిన్నెల మీదికొచ్చి పొర కడతాయి. పక్కన ఒలికింది తుడిచేసి, వెంటనే ఒక వాష్ తిప్పు. లేకపోతే స్టీలు తొట్టికి తుప్పు పడుతుంది.