గొంతులో దాగిన అక్షరం

ఒకసారి దగ్గి చూడండి. దగ్గు బయటికి వచ్చే ముందు గొంతులో గాలి ఒక్క క్షణం ఆగుతుంది. స్వరతంత్రులు తలుపురెక్కల్లా మూసుకుని, వెంటనే తెరుచుకుంటాయి. తెలుగులో ఈ ఆగడానికి అక్షరం లేదు, దానితో మనకు పని లేదు. సవర భాషలో మాత్రం అది మాటలో ఒక భాగం.

శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులయ్యారు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. అది తెలుగుకు గాని ఒడియాకు గాని చుట్టం కాదు. సంతాలీకి దగ్గర బంధువు, ఎక్కడో ఉన్న కంబోడియా భాషకు దూరపు బంధువు. అప్పటికి దానికి లిపి లేదు. తెలుగు తెలిసిన సవరలను అడిగి, విన్నది రాసుకోవడమే దారి.

మీరే ఆ పనికి కూర్చున్నారనుకోండి. రాసుకున్న మాటను తిరిగి చదివితే సవర మిత్రుడు నవ్వాడు. తప్పు ఎక్కడుంది? మొదటి అనుమానం చెవి మీద: అదే మాటను మరొకరి చేత పలికించి వినాలి. తరువాత నోటి మీద: కాగితం పక్కన పెట్టి, విన్నది విన్నట్టే పలకాలి. అప్పుడు మిత్రుడు తల ఊపితే తప్పు చెవిదీ కాదు, నోటిదీ కాదు, రాతది. మన అక్షరాలలో ఆ ధ్వనికి చోటు లేదన్నమాట! రామమూర్తిగారు ధ్వనిశాస్త్రం చదివి, ఆ శాస్త్రపు గుర్తులు వాడడం అలవరచుకున్నారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు వారి భాషలోనే బడులు నడిపిన మనిషికి ఇది చిన్న విషయం కాదు. రాత తప్పితే పిల్లవాడు తన ఇంటి మాటనే బడిలో తప్పు చదువుతాడు.

పని చేస్తూనే ఆ పనిని పరీక్షించుకునే ఈ అలవాటు గురించి అమెరికాలో డొనాల్డ్ షాన్ 1983లో ఒక పుస్తకం రాశారు. భవనాల రూపశిల్పులు, ఇంజనీర్లు కూడా పుస్తకంలో లేని చిక్కులను ఇలాగే విప్పుతారని ఆయన చూపారు. మన పంతులుగారు అంతకు చాలా ముందే ఆ పనిలో ఉన్నారు!

1906 ప్రాంతంలో పాఠశాలల తనిఖీకి వచ్చిన జె. ఏ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఒక చిక్కు ప్రశ్న వేశారు: పుస్తకాల తెలుగు జనం నోట వినబడదేం, బడిలో ఏది నేర్పాలి? ఆ ప్రశ్న విజయనగరంలో గురజాడ అప్పారావుగారికీ, పర్లాకిమిడిలో రామమూర్తిగారికీ చేరింది. సవరల నోటిమాటను ఉన్నదున్నట్టు రాయడానికి అంత శ్రమపడిన ఆయన, తెలుగు పిల్లల నోటిమాటకు తన తరగతిలోనే చోటు లేదని గమనించారు. వ్యావహారిక భాషకోసం ఆయన పోరు అక్కడ మొదలైంది. సవర పని మాత్రం ఆగలేదు. ఆయన సవర వ్యాకరణ గ్రంథం 1931లో మద్రాసులో అచ్చయింది. ఆయన బడిలో చేరి అప్పటికి 51 ఏళ్ళు.