ఆపరేషన్ తరవాత మూత్రం ఆగిపోతుందా?

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. ముగ్గురు పిల్లలూ మామూలు కాన్పులే. ఇక్కడి స్పిన్నింగ్ మిల్లులో ఏళ్ల తరబడి పనిచేశాను. షిఫ్టులో మూత్రం ఆపుకోవడం అలవాటైపోయింది. ఇప్పుడు దగ్గినా, బిందె ఎత్తినా మూత్రం పడిపోతోంది. టేపు వేసే ఆపరేషన్ చేయించుకోమన్నారు. అదే ఆపరేషనయ్యాక మా వదినకు మూత్రం రాక, ట్యూబుతో ఇంటికి పంపారు. నాకూ అలా అవుతుందేమో ముందే తెలుస్తుందా డాక్టరుగారూ?
– ఒక సోదరి, రాజపాళయం

జవాబు: అమ్మా, మీ భయం సబబైనదే. అవుతుందో లేదో కచ్చితంగా తేల్చే పరీక్ష ఏదీ లేదు. ఎవరికి అవకాశం ఎక్కువో మాత్రం చాలావరకు అంచనా వేయవచ్చు.

టేపు మూత్రనాళం కింద ఊతంగా ఉంటుంది. బిగువు ఎక్కువైనా, మూత్రాశయ కండరం బలహీనంగా ఉన్నా ధార సరిగా రాదు. అందుకే ముందు యూరోఫ్లో చేయించుకోండి. యంత్రం అమర్చిన సీటు మీద మూత్రం పోస్తే ధార వేగం గీతగా పడుతుంది. వెంటనే పొట్ట మీద స్కాన్ చేసి లోపల ఎంత మిగిలిందో చూస్తారు. ధార నెమ్మదిగా ఉన్నా, మిగులు 150 మి.లీ. దాటినా జాగ్రత్తపడాలి. పెద్ద వయసు, పాత షుగరు, ముక్కి పోసే అలవాటు, ఇదివరకే ఇలాంటి ఆపరేషన్ అయి ఉండడం కూడా లెక్కలోకి వస్తాయి. మీరు ఆపుకున్న సంగతి దాచకుండా చెప్పండి.

మూత్రాశయంలో ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్స్ పరీక్ష అందరికీ అక్కర్లేదు. చిక్కులేమీ లేని 630 మంది మీద అమెరికాలో జరిగిన అధ్యయనంలో (2012) ఆ పరీక్ష చేసినా చేయకున్నా ఏడాది తరవాత ఫలితం ఒక్కటే. ధార నెమ్మదిగా ఉన్నవారికి మాత్రం అది అవసరమే.

ఏ రకం టేపో కూడా అడగండి. 2010లో వెలువడిన మరో అధ్యయనంలో, మూత్రం సరిగా రాక మళ్లీ ఆపరేషన్ అవసరమైనవారు జఘనాస్థి వెనక నుంచి వేసే టేపుతో 2.7 శాతం; తొడ మూలం వైపు నుంచి వేసే టేపుతో ఒక్కరూ లేరు.

ఆపరేషనయ్యాక మూత్రాశయంలో 300 మి.లీ. నీరు నింపి ట్యూబు తీస్తారు. అందులో 200 మి.లీ. పోయగలిగితే ఇంటికి వెళ్లవచ్చు. లేకుంటే కొన్నాళ్లు ట్యూబు ఉంచుతారు, లేదా మీరే పెట్టుకుని తీసుకోవడం నేర్పుతారు. చాలామందికి కొద్ది రోజుల్లోనే సర్దుకుంటుంది. లేకుంటే టేపు వదులు చేస్తారు, ఆలస్యమైతే కత్తిరిస్తారు. కత్తిరిస్తే కొందరికి మళ్లీ మూత్రం జారవచ్చు.

ఇంటికొచ్చాక చుక్కలుగానే వస్తున్నా, పొత్తికడుపు బిగిసినా సిగ్గుపడి ఊరుకోకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.