దుకాణం తాళాలు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: పత్తర్‌గట్టిలోని వస్త్ర దుకాణాల షట్టర్ తాళాలకు కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్లు తేలికగా తిరిగి, ఆ తరువాత మునుపటికన్నా ఎక్కువగా బిగుసుకుపోవడానికి కారణమేమిటి?

జవాబు: 1908 నాటి మూసీ వరదల తరువాత నగర పునర్నిర్మాణంలో భాగంగా వెలసిన పత్తర్‌గట్టి రాతి కమానులు దుకాణాలను వాననుంచి కొంత కాపాడినా, నేలకు దగ్గరగా ఉండే షట్టర్ తాళాలకు వీధి దుమ్మూ, మెట్లు కడిగిన నీటి తేమా చేరుతూనే ఉంటాయి. నూనె ఆ దుమ్మును పట్టి ఉంచి జిగురుగా మారుస్తుంది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన పేరుకుంటుంది గనుక శీతకాలపు ఉదయాలలో తాళం మరింత మొరాయిస్తుంది. 1860వ దశకంలో అమెరికాకు చెందిన లైనస్ యేల్ జూనియర్ పేటెంట్లు పొందిన పిన్ సిలిండర్ పద్ధతిలో, స్ప్రింగులు నొక్కి ఉంచే చిన్న పిన్నులన్నింటినీ తాళంచెవి పళ్లు ఒకే వరుసకు తెచ్చినప్పుడే తాళం తిరుగుతుంది. జిగురు పట్టిన పిన్ను ఒక్కటున్నా ఆ వరుస కుదరదు. అందువల్ల వానాకాలానికి ముందూ తరువాతా రంధ్రంలోని దుమ్మును గాలితో ఊదించి, చిటికెడు గ్రాఫైట్ పొడి వేసి, తాళంచెవిని పలుమార్లు ఆడించడం మేలు. ఇదివరకే నూనె పట్టిన తాళంలో ఈ పొడి ముద్దకడుతుంది గనుక దానిని ముందుగా శుభ్రం చేయించాలి.

ప్రశ్న: లాడ్‌బజార్‌లోని గాజుల దుకాణంలో షట్టర్‌ను కాలితో నొక్కి పట్టుకుంటేనే పక్క తాళం పడుతోంది. తాళం మార్చవలసిందేనా?

జవాబు: షట్టర్‌ను కొంచెం పైకెత్తి, తాళంచెవిని తిప్పి చూస్తే లోపం ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. అప్పుడు సులువుగా తిరిగితే తాళం బాగున్నట్లే. షట్టర్ జారే ఇనుప గాడిలో చెత్త చేరడంవల్లనో, గాడి వంగడంవల్లనో తాళపు గడియ దాని రంధ్రానికి ఎదురుగా రావడంలేదని గ్రహించాలి. గాడిని శుభ్రపరచడం దుకాణదారు చేసుకోగల పనే గాని, పైనున్న చుట్టలోని స్ప్రింగు బలంగా బిగించి ఉంటుంది గనుక దానిని షట్టర్ మెకానిక్ తప్ప ఇతరులు విప్పరాదు.

ప్రశ్న: తాళాల పనివారిని ఎప్పుడు పిలవాలి?

జవాబు: తాళంచెవి వంగినప్పుడు, కదిపి కదిపి తిప్పవలసి వచ్చినప్పుడు, లోపల విరిగినప్పుడు ఆలస్యం చేయరాదు. విరిగిన ముక్కను మరో తాళంచెవితో నెట్టడం, జిగురుతో లాగజూడడం దానిని మరింత లోపలికి పంపుతాయి. తాళంచెవి పోయినా, అది చేతిలో ఉన్న ఉద్యోగి మానివేసినా, పిన్ సిలిండర్ తాళాన్ని పారవేయనక్కరలేదు. పిన్నుల అమరికను మార్చి కొత్త తాళంచెవి చేయించవచ్చు. నకలునుంచి మరో నకలు తీస్తే చిన్న తేడాలు పేరుకుపోతాయి గనుక అసలు తాళంచెవినే నమూనాగా ఇచ్చి, పని పూర్తయ్యేవరకు ఎదుటనే ఉండాలి. దుకాణం ఎవరిదో రుజువు అడగకుండానే తాళం తెరిచేవారికన్నా, స్థిరమైన చోట కూర్చుని ఆ రుజువు అడిగేవారే నమ్మదగినవారు.

ప్రశ్న: ఉదయం వచ్చేసరికి తాళం పగిలి ఉంటే వెంటనే కొత్తది వేయించవచ్చునా?

జవాబు: ముందుగా 112కు ఫోన్ చేయాలి. దొంగతనపు బీమాలో సాధారణంగా బలవంతంగా చొరబడిన గుర్తులు చూపవలసి ఉంటుంది గనుక, పోలీసులు పరిశీలించి, దుకాణదారు ఫొటోలు తీసి బీమా సంస్థకు తెలిపేవరకు పగిలిన తాళాన్ని కదల్చరాదు.

ప్రశ్న: పనివారు రాత్రి లోపలే పడుకునే దుకాణానికి బయటినుంచి తాళం వేయవచ్చునా?

జవాబు: వేయరాదు. 2025 మే 18న చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద, కింద దుకాణాలూ పైన నివాసమూ ఉన్న భవనంలో జరిగిన అగ్నిప్రమాదం 17 మందిని బలిగొన్నప్పుడు, రాకపోకలకు ఉన్న ఇరుకుదారి రక్షణచర్యలకు అడ్డంకి అయింది. దారి ఇరుకైన చోట తలుపు కూడా బయటినుంచి మూసి ఉంటే తప్పించుకునే వీలే ఉండదు. బయటివారికి తాళంచెవి లేనిదే తెరుచుకోక, లోపలివారికి మాత్రం చేతితో తిప్పగానే తెరుచుకునే గడియ అమర్చడం, పాత భవనాలలో తాళాల పనివారిని పిలిచి చేయించుకోవలసిన పనులలో మొదటిది.